ఏడో నియమం

సోమవారం పొద్దున పదిన్నర వేళకు వడపోతమ్మ తెర మీదికి వంకర గరిటె రెండోసారి వచ్చింది.

అది వంటింటి గరిటె కాదు. కోట్లకొద్దీ నక్షత్రాలున్న ఒక గెలాక్సీ. అడుగున గుండ్రటి ముద్ద, దానికో పొడుగాటి తోక, తోక కొసన చిన్న వంపు. పొయ్యి మీద మరిచిపోతే సెగకు వంగిపోయిన గరిటెలా ఉంటుంది. జాబితాలో దానికి పందొమ్మిది అంకెల పేరుంది. ఆ అంకెలతో గుర్తుపెట్టుకోవడం సృష్టించినవాడి వల్ల కూడా కాదు. అందుకని ఆమె తన తిప్పలు తాను పడి సొంత పేర్లు పెట్టుకునేది: తడి గొడుగు, తెగిన చెప్పు, అలిగిన పిల్లి. మనసులో అనుకోవడమే గానీ పైకి అనేది కాదు. అంతంత చదువుకున్నవాళ్లు తిరిగే చోట గెలాక్సీని పట్టుకుని తెగిన చెప్పు అంటే బాగుండదని ఆమె మొహమాటం.

ఆమె చేసే పని చేటతో చెరగడం లాంటిది, వడపోతమ్మ అన్న పేరు అందుకే. ఆకాశంలో తిరిగే పరారుణ టెలిస్కోపు రోజూ గంపలకొద్దీ బొమ్మలు కిందికి పంపుతుంది. పరారుణం అంటే కంటికి ఆనని వెలుగు. ఎండకు కాగిన ఇనప గేటు దగ్గరికి చెయ్యి తీసుకెళ్తే ముట్టుకోకుండానే వేడి తెలుస్తుందే, అదే. యంత్రం తేల్చుకోలేక పక్కన పెట్టిన బొమ్మలన్నీ వడపోతమ్మ దగ్గరికి వస్తాయి. తెర మీద మూడు గడులు. మొదటి గడిలో గెలాక్సీ మామూలు వెలుగులో కనిపిస్తుంది, రెండోదాంట్లో పొట్టి పరారుణ తరంగంలో, మూడోదాంట్లో పొడుగు తరంగంలో. చూడాలి, తేల్చాలి, రెండు బొత్తాల్లో ఒకటి నొక్కాలి. పచ్చది ‘ఉంచు’. ఎర్రది ‘చెత్త’. నొక్కగానే బొమ్మ కింద ఆమె ముద్ర పడుతుంది. ఒక్కోదానికి ఆరు సెకన్ల వ్యవధి. అంతకు మించితే మేనేజరు గదిలో ఏదో పట్టిక మీద పసుపు గీత పడుతుందట.

ఎదురుగా గోడ మీద ప్లాస్టిక్ తొడుగేసిన కాగితం, దాని మీద పన్నెండు నియమాలు. ఏడోది ఆమెకు నిద్రలో లేపి అడిగినా వచ్చు: ‘మామూలు వెలుగులో సాదాసీదాగా ఉన్న గెలాక్సీ నడిమధ్యన, పొడుగు తరంగంలో మాత్రమే, ఒంటరి ఎర్రచుక్క మండుతూ ఉంటే అది కెమెరా మరక. చెత్తలో వేయాలి.’ ఉద్యోగంలో చేరిన రోజు ఎందుకని అడిగితే చెప్పారు. కెమెరా ఏదైనా మహా కాంతిగల నక్షత్రాన్ని చూసిందంటే ఆ వెలుగు దాని పలక మీద కాసేపు అంటుకుపోతుంది. తర్వాత తీసిన బొమ్మలో లేని చుక్క ఉన్నట్టు కనిపిస్తుంది. సూర్యుణ్ణి చూసి కళ్లు మూసుకుంటే రెప్పల వెనక పచ్చటి బిళ్ల తేలుతుంది కదా, అలాగన్నమాట.

వంకర గరిటెను ఆమె ఆరు నెలల కిందట ఆ ఏడో నియమం కిందే చెత్తలో వేసింది. ఒకసారి చెత్త అన్నదాన్ని యంత్రం మళ్లీ పంపదు. కానీ పోయిన వారం యంత్రం లోపల ఏదో మార్చారు. అప్పట్నుంచి పాత గెలాక్సీలు కొన్ని, మళ్లీ తీసిన బొమ్మలతో, దారితప్పి తిరిగి వస్తున్నాయి.

వేలు ఎర్ర బొత్తం మీదికి వెళ్లింది. ఆగింది.

ఆరు సెకన్లు దాటిపోయాయి. పసుపు గీత పడితే పడనీ అనుకుని ఆమె పాత బొమ్మ వెతికి తీసింది. కత్తిరించిన ముక్కలు కాదు, కెమెరా పలక నిండా పడిన అసలు బొమ్మలు రెండూ పక్కపక్కన పెట్టుకుంది. ఆరు నెలల కిందట గరిటె పలకకు ఎడమచేతి వైపు పైమూల పడింది. టెలిస్కోపును మోసే ఉపగ్రహం ఈసారి అవతలి వైపు నుంచి వచ్చింది కాబట్టి తలకిందులై, కుడివైపు అడుగున పడింది. ఎర్రచుక్క అప్పుడూ గరిటె నడిబొడ్డునే ఉంది, ఇప్పుడూ అక్కడే ఉంది.

వడపోతమ్మ కుర్చీ వెనక్కి జరిపింది. మరక పలకదైతే పలక మీద ఎక్కడో ఒకచోట పడి ఉండాలి. గరిటె వెంటపడి ఈ మూల నుంచి ఆ మూలకు రావాల్సిన పని దానికేంటి?

ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి లేవకుండా దారితప్పి వచ్చిన పాతవన్నీ ఏరింది. ఏడో నియమం కింద తాను పారేసినవి నలభై మూడు దొరికాయి. రెండేసి బొమ్మలు పక్కన పెట్టి చూస్తే నలభై మూడింట్లోనూ చుక్క గెలాక్సీనే అంటిపెట్టుకుని ఉంది.

పెద్దసారు గదికి వెళ్లేసరికి ఆయన కిటికీ దగ్గర నిలబడి సుద్దముక్కతో చెవి గోక్కుంటున్నాడు. ఆయన ఆలోచిస్తున్నాడనడానికి గుర్తు అది. సాయంత్రానికి ఆయన ఎడమ చెవి తెల్లబడి ఉంటుంది. ఆ ఆఫీసులో పెద్ద శాస్త్రవేత్త, గోడ మీది పన్నెండు నియమాలూ రాసింది ఆయనే.

“ఏంటమ్మా, యంత్రం మొరాయించిందా?”

“యంత్రం బాగానే ఉంది సార్. ఏడో నియమమే...” అని ఆమె కాగితాలు బల్ల మీద పరిచింది.

ఆయన చాలాసేపు చూశాడు. మొదటి జత, రెండో జత, పదో జత. “ఈ నియమం నేను పాత ఉపగ్రహం కోసం రాశాను,” అన్నాడు నెమ్మదిగా. “దానికి మరకల రోగం ఉండేది. కొత్తదానికి లేదు.”

“కొత్తది వచ్చి మూడేళ్లయింది సార్.”

“అయింది.” ఆయన సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. “కాగితం మాత్రం అలాగే ఉండిపోయింది.”

“అయితే ఇవన్నీ నిజమే కదా సార్? లోపలేదో ఉన్నట్టే కదా?”

“చుక్క నిజమే కావచ్చు. లోపలున్నది ఏదన్నదే పేచీ.” ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “గెలాక్సీ నడిమధ్యన పెద్ద కృష్ణబిలం ఉండొచ్చు. అది తను నల్లగానే ఉంటుందమ్మా. దాంట్లో పడబోయే సరుకు ఉంది చూశావూ, తూము దగ్గర నీళ్లలా సుడి తిరిగి, రాసుకుని రాసుకుని కాగి, మొత్తం గెలాక్సీని మించిపోయేంత వెలుగుతుంది. చుట్టూ దట్టంగా ధూళి ఉందనుకో, ఆ వెలుగు మన కంటిదాకా రాదు. ధూళి మింగేస్తుంది. మింగి ఊరుకోదు, వేడెక్కి ఆ వేడిని పరారుణంగా కక్కుతుంది. నీ ఎర్రచుక్క అదే అయి ఉండొచ్చు.”

“మరింకేం సార్?”

“కొత్త నక్షత్రాలు గుంపుగా పుట్టేచోట కూడా ధూళి వేడెక్కుతుంది. అక్కడా ఎర్రగానే ఉంటుంది. ధూళి బయటి నుంచి చూసి లోపల మండేది ఏదో ఎలా చెప్తావు?”

ఆమె పరిచిన కాగితాలు ఒక దగ్గరికి జరిపింది. “శుక్రవారం మధ్యాహ్నం చెత్తబుట్ట ఖాళీ చేస్తారట సార్,” అంది. “కంప్యూటర్లలో చోటు లేదని నోటీసు పెట్టారు. ఏడో నియమం కింద వేసినవే పదకొండు వేల నాలుగు వందలున్నాయి. ఒకసారి చెరిపేస్తే మళ్లీ రావు.”

పెద్దసారు చేతివేళ్లు బల్ల మీద ఆడించాడు. “శుక్రవారం పదకొండింటికి మీటింగుంది. అప్పటికి ఒక్కటి నిరూపించు, మాట్లాడదాం. ఉత్త అనుమానంతో అంత చోటు అట్టిపెట్టమంటే మేనేజరు నన్ను కూడా బుట్టలో వేస్తాడు.”

మేనేజరు చెవికి ఈ మాట చేరడానికి సాయంత్రం దాకా కూడా పట్టలేదు. ఆమె సంచీ భుజాన తగిలించుకుంటుంటే గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. ఆ మెత్తదనమే భయం.

“పదకొండు వేలు తప్పుగా పారేశారంటగా?”

“నియమం అలా ఉంది సార్.”

“నియమం గోడ మీద ఉంటుందండీ. బొమ్మ కింద ఉండేది మీ ముద్ర.” ఆయన గోడవైపు చూడను కూడా చూడలేదు. “మీ ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించే ఫైలు కూడా శుక్రవారమే వస్తుంది. మీ మంచికే చెప్తున్నా. నలుగురినీ ఎదురుగా పెట్టుకుని, నేను మూడేళ్లు తప్పు చేశానని ఎవరైనా దండోరా వేసుకుంటారా?”

ఇంటికి వెళ్లేసరికి కింద దుకాణంలో భర్త ఇస్త్రీ చేస్తున్నాడు. బొగ్గుల పెట్టెను చెంప దగ్గరికి తెచ్చి వేడి చూసుకోవడం, ఒక చొక్కా మెడ మీద నీళ్లు చిలకరించడం, అదుముతూ లాగడం. చేతుల దారి చేతులది, మాటల దారి మాటలది. అత్తగారు గుమ్మం పక్క పీట మీద కూర్చుని ఊడిపోయిన బొత్తాలు కుడుతోంది. వడపోతమ్మ జరిగిందంతా చెప్పింది.

“ఆకాశంలో చెత్త ఏరడానికి జీతమిస్తున్నారంటేనే నాకు నమ్మకం కుదర్లేదు,” అంది అత్తగారు దారం కొరుకుతూ. “ఇప్పుడు ఏరిన చెత్త మళ్లీ బియ్యంలో కలపమంటున్నావా కోడలా?”

“చెత్త కాదేమో అంటున్నా అత్తయ్యా.”

భర్త పెట్టె నిలబెట్టాడు. “ఇంతకీ ఆ మరక గెలాక్సీలో ఎక్కడుంటుందన్నావు?”

“నడిమధ్యన.”

“అన్నిట్లోనూ?”

“అన్నిట్లోనూ. ఏడో నియమమే అది. పక్కకు పడ్డ చుక్క ఒక్కటీ రాలేదు.”

“మూడేళ్ల నుంచి పదకొండు వేల మరకలు, అన్నీ నడిమధ్యనే పడ్డాయా?” అతను చేతిలోని చొక్కా ఎత్తి చూపించాడు. “పాతికేళ్ల నుంచి మరకలు చూస్తున్నానోయ్ నేను. మరకన్నది మెడ మీద పడుతుంది, చేతి మీద పడుతుంది, జేబు మూల పడుతుంది. లోకంలో చొక్కాలన్నిటికీ మూడో బొత్తం మీదే మరక పడిందంటే అది మరకవుతుందా? కుట్టినవాడు పెట్టిందవుతుంది గానీ!”

వడపోతమ్మ మెట్ల మీద అలాగే కూర్చుండిపోయింది. ఇంత చిన్న సంగతి మూడేళ్లుగా తనకెందుకు తట్టలేదు? తట్టడానికి ఆరు సెకన్లు చాలవు. అదొక కారణం. ఇంకో కారణం, గోడ మీద రాసి ఉంది.

“మరి మీ ఆవిడ అన్నేళ్లూ ఏం చూసినట్టు?” అంది అత్తగారు కొడుకుతో.

“నోర్మూసుకుని నియమం చూసిందమ్మా. నువ్వు నాకు నేర్పినట్టే.”

అత్తగారు బొత్తం పెట్టి కొట్టింది. అది అతని చెవి పక్కనుంచి పోయింది.

మంగళవారమంతా వడపోతమ్మ పని చేస్తూనే పట్టకం కోసం కాచుకుంది. పట్టకం అంటే కింది అంతస్తులో వర్ణపట యంత్రం చూసుకునే ఇంజనీరు. కొండ మీద ఇంకో టెలిస్కోపుంది, దానికి తగిలించిన యంత్రం వెలుగును పాయలు పాయలుగా విడదీస్తుంది. ఇతనూ అంతే. “బాగున్నావా” అంటే, “ఒంట్లోనా, ఇంట్లోనా, ఉద్యోగంలోనా?” అని విడదీసి గానీ జవాబు చెప్పడు. అందుకే ఆ పేరు. ఆమెకన్నా ఎనిమిదేళ్లు చిన్న.

“తమ్ముడూ, నాకో సాయం కావాలి.”

“చేయగలిగిందా, చేయకూడనిదా?”

“రెండూ కావచ్చు.”

అతను నవ్వి కుర్చీ చూపించాడు. ఆమె చెప్పింది విని, గరిటె బొమ్మ చూసి, పేరు విని ఇంకాస్త నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి ఒక కాగితం లాక్కుని గీత గీశాడు.

“పెద్దసారు అడిగినదానికి జవాబుందక్కా. ఇసుకలో సిలికాన్ ఉంటుందా? ఆకాశంలోనూ ఉంది. ఆ సిలికాన్ పరమాణువు మీద వేడివెలుగు పడితే ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. నక్షత్రం ఎంత భగభగమన్నా ఒకటో రెండో మూడో ఊడగొడుతుంది. నాలుగోది పీకడానికే నానా తంటాలు పడుతుంది. అయిదు ఊడగొట్టాలంటే దాని వల్ల కాదు. అయిదు ఊడిన సిలికాన్ ఒకచోట పోగై కనిపించిందీ అంటే, ఆ పక్కన కృష్ణబిలం మేస్తున్నట్టే.”

“ఊడిందని తెలిసేదెలా?”

“దానికో గీత పడుతుంది. ఇదిగో, ఇక్కడ.” కాగితం మీద ఒకచోట చుక్క పెట్టాడు. “అది కూడా పరారుణమే. ధూళి ఎంత దట్టంగా ఉన్నా కాస్తో కూస్తో బయటపడుతుంది. ఉంటే ఉంది, లేకపోతే లేదు.”

“మరి మనకు టెలిస్కోపు ఎవరిస్తారు?”

“ప్రతి బుధవారం నాకు గంటన్నర పరీక్ష సమయం ఉంటుంది. యంత్రం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి. దేనివైపు తిప్పి చూసుకున్నా అడిగే నాథుడు లేడు.” అని ఒక్క క్షణం ఆగాడు. “కానీ ఒక్క గరిటె చాలదు. పక్కన పెట్టి పోల్చడానికి ఇంకోటి కావాలి. ఏ అనుమానమూ లేనిది. కళ్లు మూసుకుని ‘ఉంచు’ నొక్కేది.”

ఆమె ఆలోచించాల్సిన పని లేకపోయింది. “తడి గొడుగు.”

తడి గొడుగు ఆ ఆఫీసులో అందరికీ తెలిసిన గెలాక్సీ. గొడుగని పిలిచేది ఆమె ఒక్కతే గానీ, కొత్తగా చేరినవాళ్లకు పెద్దసారు తొమ్మిదేళ్లుగా చూపించే మొదటి బొమ్మ అదే. పొడుగు తరంగంలో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సమంగా పరుచుకున్న ఎరుపు. ‘ఇదిగో, అచ్చమైన నక్షత్రాల పంట. మధ్యలో రాక్షసుడెవడూ లేడు. ఎరుపు ఇలా పరుచుకుని ఉంటే భయపడకండి’ అని కింద రాసి ఉంటుంది. రాక్షసుడంటే కృష్ణబిలం.

“బాగుంది,” అన్నాడు పట్టకం. “గరిటెలో గీత పడాలి, గొడుగులో పడకూడదు. అప్పుడు నీ మాటకు తిరుగుండదు.”

బుధవారం ఆమెకు పని మీద ధ్యాస నిలవలేదు. అయినా చేయి ఆగలేదు. ఏడో నియమం కిందికి వచ్చే బొమ్మ కనిపించినప్పుడల్లా ఎర్రదీ నొక్కక, పచ్చదీ నొక్కక, దాని జాబితా సంఖ్యను ఒక కాగితం మీద రాసుకుని పక్కకు నెట్టింది. సాయంత్రానికి కాగితం మీద ఇరవై రెండు సంఖ్యలున్నాయి. మేనేజరు గదిలో పట్టిక పసుపుతో నిండిపోయి ఉంటుంది.

గురువారం తొమ్మిదింటికల్లా కింది అంతస్తు మెట్లు దిగింది. పట్టకం పలకరించలేదు. ముందున్న టీ మీద మీగడ కట్టి ఉంది. తెర మీద రెండు పొడుగాటి గీతల పటాలు, ఒకదాని కింద ఒకటి.

“ఏమైంది తమ్ముడూ?”

“పైది గరిటె. చూడు.”

ఆమెకు చూడటం అతను మంగళవారమే నేర్పాడు. హైడ్రోజన్ గీత నిట్టనిలువుగా లేచి ఉంది. అది కొత్త నక్షత్రాల గుర్తు. దానికి కుడిపక్కన, సిలికాన్ గీత ఉండాల్సిన చోట, నున్నగా చదును చేసిన నేలలా ఉంది. ఏమీ లేదు.

“ఏమీ లేదు,” అంది.

“ఏమీ లేదు. గుంపుగా పుట్టిన నక్షత్రాలు, మధ్యలో ముద్దగా కుక్కినట్టున్నాయి. అంతే. ఇప్పుడు కిందిది చూడు.”

కిందిది గొడుగు. హైడ్రోజన్ గీత ఉంది. దాని కుడిపక్కన, అదే చోట, చిన్న బుడిపె. ఎత్తు తక్కువే గానీ గట్టిగా, పక్కల జారిపోకుండా నిలబడి ఉంది.

వడపోతమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. “ఫైళ్లు తారుమారయ్యాయి,” అంది.

“నేనూ అదే అనుకున్నా. పొద్దున ఆరింటి నుంచీ మూడుసార్లు చూశాను. టెలిస్కోపు ఎటు తిరిగిందో దాంట్లోనే రాసి ఉంటుంది. ముడి వెలుగు నుంచి మళ్లీ మొదలుపెట్టి లెక్క కట్టాను. ఏదీ మారలేదక్కా. నీ గరిటెలో రాక్షసుడు లేడు. పెద్దసారి గొడుగులో ఉన్నాడు. చుట్టూ పంటంతా మండుతుంటే మధ్యలోవాడి వేడి దాంట్లో కలిసిపోయింది, తొమ్మిదేళ్లుగా ఎవరికీ కనబడలేదు.”

పంఖా గాలికి కాగితం అంచు టపటపలాడుతోంది.

“ఒక పని చేద్దాం,” అన్నాడు పట్టకం. “రేపు గరిటె ఊసెత్తొద్దు. ముందు నుంచీ మన అనుమానం గొడుగు మీదే అని చెప్పేద్దాం. పెద్ద సంగతే కదా! నీకు శభాష్ అంటారు, నీ ఫైలు మీద సంతకం పడుతుంది.”

ఆమె ఆ మాటను నోట్లో వేసుకుని చూసినట్టు చూసింది. రుచిగానే ఉంది. కానీ గొడుగు చెత్తబుట్టలోది కాదు, ఉంచినవాటిలోది. గొడుగు ఒక్కదాన్నే చూపిస్తే గొడుగు బతుకుతుంది, బుట్టలోవి పోతాయి. గరిటె ఒక్కదాన్నే చూపిస్తే బుట్టలోవి నక్షత్రాల పంటేనని తీసి పారేస్తారు. రెండూ పక్కపక్కన పెడితేనే వాటికి అర్థం. అప్పుడు రెండుసార్లు తప్పిన మనిషి తనే.

“రెండు పటాలూ అచ్చు తీయి తమ్ముడూ,” అంది. “ఒకే కాగితం మీద.”

ఆ సాయంత్రం భర్త సంగతంతా విని పెట్టెలో బొగ్గులు కదిపాడు. “అంటే గరిటె విషయంలో నువ్వు తప్పు. గొడుగు విషయంలో పెద్దసారు తప్పు. మరి ఒప్పెవరోయ్?”

“గీత.”

“గీతకు ఉద్యోగం పోయే భయం లేదు కాబట్టి,” అంది అత్తగారు. ఆ మాటన్నాక కోడలి కంచం తనే పెట్టింది. ఎప్పుడూ పెట్టేది కాదు.

శుక్రవారం పదకొండింటికి మీటింగు గదిలో అయిదుగురు. పెద్దసారు, మేనేజరు, కంప్యూటర్లు చూసే అతను, పట్టకం, చివరి కుర్చీలో వడపోతమ్మ. ఆ గదిలో ఆమె ఇంతకు ముందు కూర్చోలేదు. ఆమె కాగితం మధ్యలోకి జరిపి, రెండు గెలాక్సీలనూ ఎందుకు ఎంచుకున్నదీ, ఏం వస్తుందనుకున్నదీ, ఏం వచ్చిందీ చెప్పింది. చెప్పేటప్పుడు తొందరలో గరిటె, గొడుగు అనేసింది. ఎవరూ నవ్వలేదు.

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “నాకు అర్థమైంది చెప్తాను, తప్పయితే దిద్దండి. ఈవిడే పారేశారు. ఈవిడే తీయమంటున్నారు. పరీక్ష పెడితే ఈవిడ చెప్పింది తప్పని తేలింది. ఇంక బుట్ట ఖాళీ చేయడానికి అడ్డేముంది?”

కంప్యూటర్లతను గడియారం చూసుకున్నాడు.

“అడ్డుంది సార్,” అంది వడపోతమ్మ. “గరిటెలో రాక్షసుడు లేకపోవచ్చు. కానీ అందులో ఉన్నవి నిజం నక్షత్రాలు. మరక కాదు. అంటే ఏడో నియమం తప్పే. ఇంకోటి, ఏ అనుమానమూ లేదని మనమంతా అనుకున్నదాంట్లోనే రాక్షసుడున్నాడు. నేను బొమ్మ చూసి ఉందన్నచోట లేదు, లేదన్నచోట ఉంది. నా కన్ను ఇంతే చూడగలదు సార్. గోడ మీది కాగితం కూడా అంతే. అలాంటప్పుడు ఆ కన్ను పారేసిన పదకొండు వేలను, చెరిపేయండి ఫరవాలేదని ఎవరు చెప్పగలరు?”

పెద్దసారు కాగితం తన వైపు లాక్కున్నాడు. గరిటె మీద ఆయన చూపు నిలవలేదు. గొడుగు బుడిపె మీద గోరు పెట్టి, ఈ పక్క నుంచి ఆ పక్కకు మెల్లగా నడిపించాడు. గుడ్డ నాణ్యం చూసే మనిషిలా.

“దీన్ని ఎన్నేళ్లుగా చూపిస్తున్నాను పిల్లలకి?” అన్నాడు.

“తొమ్మిదేళ్లు సార్,” అన్నాడు పట్టకం.

“రాక్షసుడెవడూ లేడని.” ఆయన చెయ్యి జేబులో సుద్దముక్క కోసం వెతికి, దొరికినా తీయకుండా ఊరుకుంది. “బుట్ట ఖాళీ చేయొద్దు.”

“చోటు లేదు సార్,” అన్నాడు కంప్యూటర్లతను.

“నా పాత లెక్కల ఫైళ్లున్నాయిగా, అటకెక్కించినట్టు. ఎవరు అడిగినా ముట్టుకోనివ్వలేదు. అవి తీసెయ్. ఆ చోటు ఈ బుట్టకు సరిపోతుంది.”

కంప్యూటర్లతను ఆయన ముఖం చూసి, నిజంగానే అంటున్నాడని తేల్చుకుని రాసుకున్నాడు. మేనేజరు కూడా రాసుకుంటున్నాడు, మీటింగు వివరాల పుస్తకంలో, గుండ్రటి చేతిరాతతో. రాసి పైకి చదివాడు: “వడపోత సిబ్బంది పొరపాటు కారణంగా చెత్తలో చేరిన పదకొండు వేల నాలుగు వందల బొమ్మలను...”

“ఒక్క నిమిషం సార్,” అంది వడపోతమ్మ. “పొరపాటు నాదే. కాదనను. కానీ నేను దేన్ని చూసి నొక్కానో అది కూడా రాయండి.”

మేనేజరు పెన్ను గాల్లో ఆగింది. ఎవరు ఏమంటారా అని అందరూ బల్ల వంక చూస్తూ కూర్చున్నారు.

“కొట్టేసి రాయండి,” అన్నాడు పెద్దసారు. “ఏడో నియమం నాది. పాత ఉపగ్రహానికి రాసింది. కొత్తది వచ్చినప్పుడు తీసేయాల్సిన పని కూడా నాదే, తీయలేదు. సిబ్బంది దాన్ని అక్షరాలా పాటించారు. ఈ తప్పు బయటపెట్టింది కూడా వాళ్లే. రాశారా? ఏదీ, ఒకసారి చదవండి.”

మేనేజరు చదివాడు. ఎప్పట్లాగే మెత్తగా చదివాడు. ఆమె ఉద్యోగం పొడిగించే ఫైలు తిరగేసి, ఏడాది అన్నచోట ఏడాది అనే ఉంచి, సంతకానికి పెద్దసారి ముందుకు నెట్టాడు.

మధ్యాహ్నం భోజనమయ్యాక వడపోతమ్మ తన గదిలోకి వచ్చేసరికి అక్కడ రెండో కుర్చీ ఉంది. కారిడార్ నుంచి తనే ఈడ్చుకొచ్చినట్టున్నాడు, పెద్దసారు దాని మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఆ గదిలోకి వచ్చి ఎన్నేళ్లయిందో. కిటికీ ఎటువైపు ఉందో కూడా మరిచిపోయినట్టు చుట్టూ చూస్తున్నాడు.

“నీ అంచనా చెప్పు,” అన్నాడు. “బుట్టలో పదకొండు వేలు. వాటిలో నిజంగా కృష్ణబిలాలు ఎన్నుంటాయంటావు? సగం? పదోవంతు?”

ఈ ప్రశ్నకు సోమవారం అయితే ఆమె దగ్గర జవాబుండేది.

“తెలీదు సార్.”

“నాకూ తెలీదు.” అలా అన్నప్పుడు ఆయన గొంతులో సంబరం వినిపించి ఆమె ఆశ్చర్యపోయింది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “అడుగునున్నది తియ్యి. మొట్టమొదటిది.”

ఆమె బుట్ట తెరిచి, మూడేళ్ల కిందటి మొదటి బొమ్మ తీసింది. మూడు గడుల్లోనూ ఒక గెలాక్సీ తేలింది. బక్కపలచగా, ఒక పక్కకు ఒరిగి, ఎవరి కంటా పడకుండా తప్పుకుపోతున్నట్టుంది. మూడో గడిలో, నడిమధ్యన, ఎర్రటి చుక్క.

వడపోతమ్మ ఏ బొత్తమూ నొక్కకుండా చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరూ ఆ చుక్క వంక అలా చూస్తూ కూర్చున్నారు.